దానమ్మగారి మార్మలేడు

"ఈసారి చేదు కాస్త తగ్గించమంటున్నారు పాస్టరుగారు," అన్నాడు ఎలీషా భార్యతో, గుమ్మంలో చెప్పులేసుకుంటూ.

సిల్వియా తలెత్తలేదు. శుక్రవారం సాయంత్రం. తాడేపల్లిగూడెంలో బడి వదలగానే పరుగున స్టేషనుకొచ్చి, బండెక్కి, ఏలూరులో దిగి, ఇంటికొచ్చి చీరైనా మార్చుకోకుండా కత్తిపీట ముందు కూర్చుంది. పక్కన బేసిన్లో నలభై నారింజకాయలు. ఒక్కొక్కదాని తొక్కనీ అగ్గిపుల్లంత సన్నగా తరగాలి. బొటనవేలి దగ్గర తెగిన చోట రసం తగిలినప్పుడల్లా ప్రాణం జివ్వుమంటోంది. మార్మలేడంటే నారింజ తొక్కల జామ్, అందులో చేదు తగ్గించమనడం చేపల పులుసులో చేపలు తగ్గించమన్నట్టే ఉంటుంది. ఆ మాట పాస్టరుగారితో చెప్పాల్సిన అవసరం ఆమెకెప్పుడూ రాలేదు. ఎందుకంటే పాస్టరుగారి లెక్కలో, సంఘం లెక్కలో, అటు తణుకు దాకా ఇటు ముదినేపల్లి దాకా ఉన్న చుట్టపక్కాలందరి లెక్కలో, ఆ మార్మలేడు చేసేది సిల్వియా కాదు. ఆమె అత్తగారు దానమ్మ.

ఎప్పుడో అరవైల్లో మిషను ఆస్పత్రి దొరసాని దానమ్మకి ఈ విద్య నేర్పిందట. పెరట్లో ఉన్న నారింజ చెట్టు కూడా దొరసాని ఇచ్చిన మొక్కే. ఏటా కోత పండుగకి సంఘంలో అందరూ తమ కష్టఫలంలో మొదటిది తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. వడ్లబస్తా, గుమ్మడికాయ, అరటిగెల, కాళ్లు కట్టేసిన కోడిపుంజు, కొల్లేటి వైపు వాళ్లయితే తడిగుడ్డ కప్పిన చేపలబుట్ట. ఆరాధన అయ్యాక వాటన్నిటినీ వేలం వేస్తారు. అందులో దానమ్మగారి మార్మలేడు సీసాలు పన్నెండు. వేలం పాట వాటి దగ్గరకొచ్చేసరికి జనం కుర్చీలు ముందుకి జరుపుకుంటారు. "మన తల్లి దానమ్మగారి చేతి రుచి!" అని పాస్టరుగారు మైకులో అంటే, ముందు వరసలో తెల్లచీర కట్టుకున్న దానమ్మ చేతులు జోడిస్తుంది. మొదటి సీసా ఎవర్నీ పాడనివ్వకుండా ఎలీషాయే పాడుకుంటాడు, తల్లి పాదాల దగ్గర పెట్టి ఫోటో దిగుతాడు. అయిదో వరసలో సిల్వియా తన వేళ్లకంటిన చేదు వాసన చూసుకుంటూ చప్పట్లు కొడుతుంది. సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెత ఊరికే పుట్టలేదు.

పెళ్లైన రెండో ఏడు నుంచీ, అంటే పందొమ్మిదేళ్లుగా, కాయ కోసిన దగ్గర్నించి సీసా మూత బిగించేదాకా చేసేది ఆమే. మొదట్లో దానమ్మ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని చెప్పేది. "గింజలు పారెయ్యకమ్మాయ్. ఆ తెల్లపొరా, గింజలూ పల్చటి గుడ్డలో మూట కట్టి నీళ్లలో వెయ్యి. గట్టిపడేది వాటివల్లే." "తొక్క మెత్తబడకుండా పంచదార వేశావనుకో, ఇక జన్మకి మెత్తబడదు." నేర్పేటప్పుడు దానమ్మ గొంతులో ముద్దూ ఉండేది కాదు, కోపమూ ఉండేది కాదు. ఏదో పాత శిక్షని వేరొకరికి అప్పగిస్తున్నట్టు ఉండేది. సిల్వియా అప్పట్లో దాన్ని అత్తగారి దర్పం అనుకుంది.

ఇప్పుడు దానమ్మకి డెబ్బై ఎనిమిది. రెండేళ్లుగా మతి జారిపోతోంది. మొదట పేర్లు పోయాయి, తర్వాత వారాలు, తర్వాత తిన్నానా లేదా అన్నది. కిందటి నెలలో గ్యాసు తిప్పి వెలిగించడం మరిచిపోయింది. పోయిన వారం ఒకరోజు పొద్దున్నే గేటు తీసుకుని రైల్వే గేటు దాకా నడిచి వెళ్లిపోయింది. "డ్యూటీకి టైమైంది" అందట, పట్టుకొచ్చిన ఆటో అబ్బాయితో. ఏం డ్యూటీయో ఎవరికీ అర్థం కాలేదు. ఎలీషా నవ్వేశాడు.

ఆ నవ్వు అయిన వారానికే భోజనాల బల్ల మీద ఒక కాగితం వచ్చింది. ఎలీషా కలెక్టరాఫీసులో సీనియర్ అసిస్టెంటు. కాగితాలు తయారుచేయడంలో అతనికి పేరుంది. "కుటుంబ కారణాల రీత్యా, నా పూర్తి ఇష్టంతో, లెక్కల ఉపాధ్యాయిని పదవికి రాజీనామా సమర్పించుకుంటున్నాను." పైన పెద్దక్షరాల్లో 'రాజీనామా పత్రం' అని ఉంది. కింద చుక్కల గీత, దాని కింద ఆమె పేరు. గీత మీద ఖాళీ. బుధవారం నుంచీ అది బిస్కెట్ల డబ్బా కిందే ఉంది. అన్నాలు తిన్నప్పుడల్లా అది కనిపిస్తూనే ఉంది.

"నీ కోసమే చెప్తున్నాను సిల్వీ," అన్నాడతను. ఎలీషా ఎప్పుడూ గట్టిగా మాట్లాడడు. అదే అతనితో వచ్చిన చిక్కు. కొట్టేవాడైతే దెబ్బ చూపించొచ్చు, తిట్టేవాడైతే తిట్టు చెప్పుకోవచ్చు. మెత్తగా, నిదానంగా, నీ మంచి కోసమే అన్నట్టు మాట్లాడే మనిషి మీద ఎవరికని ఫిర్యాదు చేస్తావు? "నువ్వు తెల్లారుజామున నాలుక్కి లేచి అమ్మ పక్కగుడ్డలు ఉతుక్కుని, ఆ బండి పట్టుకుని పరిగెడుతుంటే నాకు చూడబుద్ధి కావట్లేదు. మనకేం తక్కువని? సంతకం పెట్టు, సోమవారం నేనే వెళ్లి మీ హెడ్మాస్టరు అచ్యుతరావుగారి చేతికిచ్చి వస్తాను. నువ్వు వెళ్లక్కర్లేదు."

మనిషిని పెట్టుకుందామండీ, అందామె. "ఇంట్లో కోడలుండగా అమ్మకి పరాయిమనిషి చేత స్నానం చేయిస్తామా? సంఘంలో నా ముఖం ఎలా చూపించుకోను?" అన్నాడతను. తణుకులో ఉన్న ఆడబడుచు సత్యవతి ఫోన్లో తియ్యగా అంది, "నీ చేతిలో ఉంటేనే అమ్మకి బాగుంటుంది వదినా. నేను తీసుకెళ్దామనే అనుకుంటాను గానీ, మా ఇల్లు ఇరుకు కదా." విశాఖలో హాస్టల్లో ఉన్న కూతురు సుప్రియ కూడా, "నానమ్మ పాపం కదమ్మా," అంది. అందరికీ నానమ్మ పాపమే. అవును, పాపమే. కాదని సిల్వియా ఎప్పుడూ అనలేదు. ఆ మాట తెల్లారుజామున నాలుగింటికి దుప్పటి మారుస్తూ చెప్పడం ఒకటి, ఫోన్లో చెప్పడం ఒకటి.

ఆ బడి గొప్ప బడేం కాదు. రేకుల వరండా, పగిలిన బల్లలు, ఎంత చెప్పినా బీజగణితం బుర్రకెక్కని పిల్లలు. అయినా పదిహేడేళ్లుగా ఆమె అక్కడ 'సిల్వియా మేడం'. ఇంట్లో ఆమెకి ఆ పేరు లేదు, 'అమ్మాయ్', 'ఇదిగో', 'వదినా', ఏదైనా ఒప్పించాల్సి వస్తే 'సిల్వీ', అంతే. బోర్డు మీద ఒక లెక్క మొదలుపెట్టి చివరిదాకా చేస్తే సమాధానం వస్తుంది. ఇంటి పనికి ఆ చివర అంటూ లేదు. పొద్దున్న బండిలో కిటికీ పక్కన చోటు దొరికితే దెందులూరు, భీమడోలు, పూళ్ల దాటేదాకా ఆమెని ఎవరూ ఏమీ అడగరు. చేపల చెరువుల మీద కొంగలు లేస్తుంటాయి. వాటిని చూస్తూ కొన్నాళ్లు ఊరికే ఏడ్చింది కూడా. ఏడవడానికైనా ఆమెకున్న చోటు అదొక్కటే. సోమవారం నుంచి అదీ ఉండదు. సోమవారం నుంచి ఈ నాలుగు గోడలూ, గేటుకి తాళమూ, తన పేరు మరిచిపోయిన ఒక ముసలామె. ఎన్నేళ్లు? డాక్టరు చెప్పాడు, గుండె బాగుంది, పదేళ్లకి ఢోకా లేదని. ఆ మాట విన్నప్పుడు తన మనసులో మెదిలిన కోరిక తలుచుకుని సిల్వియా ఆ వారం చర్చిలో ప్రభురాత్రి భోజనం తీసుకోకుండానే వెనక్కొచ్చేసింది. ఆ రొట్టె నోట్లో పెట్టుకునే అర్హత తనకి లేదనిపించింది.

తరగడం అయ్యేసరికి తొమ్మిదైంది. తొక్కని పెద్ద గిన్నెలో నీళ్లు పోసి నానేసింది. గింజలూ పొరా మూట కట్టి అందులోనే ముంచింది. రాత్రంతా నానితేగాని తొక్క మాట వినదు. ఆదివారం కోత పండుగ. రేపటికి సెలవు పెట్టేసింది, ఏటా పండుగ ముందు ఈ ఒక్క శనివారం పెడుతూనే ఉంది. పిల్లలకి పరీక్షలు ఉన్నా సరే.

శనివారం పొద్దున్న దానమ్మకి స్నానం చేయించి, ఇడ్లీ తినిపించి, హాల్లో కుర్చీలో కూర్చోబెట్టింది. పంచదార చాలదని వీధి చివర కొట్టుకెళ్లి పావుగంటలో వచ్చింది. వచ్చేసరికి వంటింట్లో దానమ్మ ఉంది. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. ఒక్క క్షణం సిల్వియా రక్తమేమో అనుకుంది. రక్తం కాదు, కారం.

గిన్నెలో నీళ్లు సింకులో పారబోసేసింది. గింజల మూట చెత్తబుట్టలో ఉంది. తొక్కంతా పింగాణీ జాడీలోకి ఎక్కించి, దోసిళ్లతో ఉప్పు, పసుపు, కారం, మెంతిపిండి పోసి కలిపింది. "నారింజకాయ ఊరగాయ పెడుతున్నానమ్మాయ్," అంది మురిపెంగా. "ముక్క మరీ సన్నగా తరిగావే. అయినా పర్లేదు, ఊరిపోతుంది. నూనె ఎక్కడా?"

ఏ గోదావరి ఇల్లాలి చేతికైనా నారింజ తొక్క ఇస్తే అదే చేస్తుంది. తప్పేం లేదు. యాభై ఏళ్ల నాడు దొరసాని నేర్పింది జారిపోయి, అంతకుముందు వాళ్లమ్మ నేర్పింది మిగిలింది. ఆ సంగతి సిల్వియాకి తర్వాత తట్టింది. అప్పుడు మాత్రం జాడీ వైపు చూస్తూ నేల మీద కూలబడిపోయింది. ఏడుపు కూడా రాలేదు. దానమ్మ కారం చేతులతో కళ్లు నులుముకుని, మంటకి కేకలు పెట్టడం మొదలుపెట్టింది. ఇక కూలబడి ఉండడానికి వ్యవధి లేదు. లేచి, పట్టుకుని, కుళాయి కింద మొహం కడిగి, కళ్లలో చన్నీళ్లు కొట్టి, గుంజుకుంటున్న చేతుల్ని తన చేతుల్లో బిగించి పట్టుకుని, "అయిపోయింది, అయిపోయిందత్తయ్యగారూ," అంటూ మళ్లీ చీర మార్చింది. ఆ గుంజులాటలో దానమ్మ గోరు సిల్వియా మెడ మీద గీరుకుంది.

ఎలీషాకి ఫోన్ చేస్తే చర్చిలో ఉన్నాడు, కమిటీ సెక్రటరీ కదా, చెరకు గడలు కట్టిస్తున్నాడు. అంతా విని ఒక నిట్టూర్పు విడిచాడు. "నువ్వు పక్కనుండి చూసుకోవాలి కదా సిల్వీ."

"పంచదారకి వెళ్లానండి."

"అదే నేను చెప్పేది. పక్కన మనిషి ఉండి తీరాలి. ఇంకా అర్థం కాకపోతే ఎలా? సరే, చెట్టుకి కాయలున్నాయిగా, మళ్లీ చేసెయ్. అమ్మ పేరు అప్పుడే రాసేశాం జాబితాలో. నాలుగు సీసాలైనా పర్లేదు." కాస్త ఆగి, ఇంకా మెత్తగా, "సంతకం పెట్టావా?" అన్నాడు.

అమ్మ కళ్లు ఎలా ఉన్నాయని అడగలేదు. నీ మెడకేమైందని అడగడానికి అతనికి తెలియదనుకో.

గోరుచుట్టు మీద రోకటి పోటు అంటారు. పోటు పడ్డాక కొంతసేపటికి వేలు మొద్దుబారిపోతుంది చూడండి, సిల్వియాకి అలాగే అయింది. పదిహేడేళ్లూ, బోర్డూ, బండీ, కొంగలూ అన్నీ ఒక్కసారి చాలా దూరంగా, ఎవరివో అన్నట్టు కనిపించాయి. ఎందుకీ పీకులాట అనిపించింది. అతను చెప్పేదాంట్లో తప్పేముంది? పక్కన మనిషి ఉండి తీరాలి, ఆ మనిషి ఎవరన్నది ఈ ఇంట్లో ఎవరికీ ప్రశ్నే కాదు. తనొక్కతే దాన్ని ప్రశ్న చేసి, లేని జవాబు కోసం కొట్టుకుంటోంది. "సాయంత్రం పెట్టేస్తానండి," అంది. తన గొంతే తనకి పరాయిగా వినిపించింది.

"మంచి పని," అన్నాడు ఎలీషా. "నాకు తెలుసు నువ్వు అర్థం చేసుకుంటావని."

దోటీ తీసుకుని పెరట్లో మిగిలిన కాయలు కోసింది. పదిహేను వచ్చాయి. మళ్లీ కత్తిపీట, మళ్లీ తొక్క, మళ్లీ మూట. నానబెట్టే సమయం లేదు గనక ఎక్కువ నీళ్లు పోసి సన్నమంట మీద పెట్టింది. మధ్యమధ్య హాల్లోకి తొంగిచూస్తూ, దానమ్మకి పప్పన్నం తినిపిస్తూ, గిన్నె దగ్గరకి పరిగెడుతూ. మూడింటికి తొక్క వేళ్ల మధ్య నలిగింది. మూట పిండింది. చిక్కటి జిగురు, చేతికంటుకుని వదలనిది. పంచదార పోసి మంట పెద్దది చేసింది. ఇక కలుపుతూ నిలబడటమే. ఇప్పుడు గిన్నె వదిలితే అడుగంటుతుంది. నారింజ ఆవిరితో వంటిల్లు నిండిపోయింది. కొంగు తడవకుండా ఆమె తెల్ల తువ్వాలు మెడలోంచి వేలాడేసుకుని, జుట్టుకి ఇంకో తువ్వాలు చుట్టుకుంది. నుదుటి చెమట కళ్లలోకి కారుతోంది.

"అమ్మగారూ."

ఆ పిలుపు దానమ్మ గొంతులా లేదు. సన్నగా, భయపడుతూ, ఎవరో పద్దెనిమిదేళ్ల పిల్ల పిలిచినట్టుంది. సిల్వియా తిరిగిచూసింది. గుమ్మంలో దానమ్మ నిలబడి ఉంది. చేతిలో బిస్కెట్ల డబ్బా కింది కాగితం. మడత విప్పి రెండు చేతులతో పట్టుకుంది. ఆవిరిలో ఆవిడ కళ్లు తెల్ల తువ్వాళ్ల మీదే నిలిచిపోయాయి.

"నేను దానమ్మనండి అమ్మగారూ. రెండో బ్యాచి దానమ్మని." అక్షరాల మీద వేలు పెట్టి చూపించింది. "ఈ రాజీనామా నేను రాసింది కాదండి. మాస్టారు రాశారండి. పూర్తి ఇష్టంతో అని ఆయనే రాశారండి. నన్ను సంతకం పెట్టమన్నారండి. పెళ్లయిన కొత్త కదండి, కాదంటే బాగోదని పెట్టానండి."

మాస్టారంటే దానమ్మ భర్త, ఏలీయా మాస్టారు. పోయి పన్నెండేళ్లయింది. హాల్లో ఆయన ఫోటో కింద ఏటా క్రిస్మస్‌కి దండ మారుస్తారు. సంఘంలో ఇప్పటికీ ఆయన మంచితనం గురించి సాక్ష్యాలు చెబుతారు.

సిల్వియా చేతిలో గరిటె కదులుతూనే ఉంది. "ఏం ఉద్యోగం?" అంది. అడిగింది తనేనని తర్వాతగానీ గుర్తించలేదు.

"ఏం ఉద్యోగమంటారేంటండి! నర్సునండి నేను. మీరే కదండీ టోపీ పెట్టింది." దానమ్మ రెండడుగులు ముందుకేసింది. "కొల్లేటి లంకల్లో కలరా వచ్చినప్పుడు పడవెక్కి ఎవరూ రానంటే నేనే వెళ్లానండి. ఆరు రోజులున్నాను. ఎంతమందికి సూదులు వేశానో మీకు తెలుసు. మీరు చీటీ మీద రాశారు, చేతివాటం చక్కనిదని. ఇప్పుడేమో పేరు కొట్టేశామంటున్నారు. మొన్న ఏడుస్తూ వస్తే మీరేమన్నారు? సరేలే దానమ్మా, భర్త మాట వినాలి, ఇంట్లో ఉండి ఇది చేసుకో అని ఈ నారింజ మొక్కా, ఈ జామూ నేర్పారు. నేనెందుకండి జామ్ చేసేది? నాకు సూది వెయ్యడం వచ్చండి. పురుడు పొయ్యడం వచ్చండి."

గరిటె ఆగిపోయింది.

"మళ్లీ తీసుకోండమ్మగారూ." దానమ్మ చేతులు జోడించింది. కోత పండుగలో ముందు వరసలో కూర్చుని జోడించే చేతులే అవి. "రాత్రి డ్యూటీలన్నీ నేనే చేస్తాను. జీతం లేకపోయినా సరే. ఇంట్లో ఊపిరాడట్లేదండి. ఎవరికీ చెప్పకండి, ఆయనకి తెలిస్తే బాధపడతారు. ఆయన చాలా మంచివారండి. గట్టిగా కూడా మాట్లాడరు."

గిన్నె అడుగున పంచదార మాడుతున్న వాసన వస్తోంది. సిల్వియాకి ఆ వాసన తెలుస్తూనే ఉంది. ఇంకో నిమిషం కలిపితే నిలబడుతుంది, నాలుగు సీసాలు, వేలం, మైకు, తల్లి చేతి రుచి. ఆమె స్టవ్ కట్టేసింది. ఆ ముసలి మొహం వైపు అప్పటిదాకా ఎప్పుడూ చూడనట్టు చూసింది. ఈవిడ మీద తను పెంచుకున్న కోపాలన్నీ ఉన్నాయి. మొదటి నెల జీతం తెస్తే, "మా ఇంట్లో ఆడవాళ్లు సంపాదిస్తేగానీ గడవని రోజులు రాలేదమ్మా," అన్నది ఈవిడే. కాన్పయిన నలభై రోజులకే, "బడికి వెళ్లి ఎవర్ని ఉద్ధరించాలి?" అన్నది ఈవిడే. ఆ మాటలు దర్పమనుకుంది ఇన్నాళ్లూ. ఆ మాటలు ఆవిడకి ఎవరో చెప్పినవి, ఆవిడ నమ్మక తప్పక నమ్మినవి అని ఇప్పుడు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన పాత గాయాలు మానిపోవు. కానీ ఇంకో యాభై ఏళ్లకి తను ఎవరి వంటింటి గుమ్మంలో నిలబడి, ఎవర్ని పట్టుకుని హెడ్మాస్టరుగారూ, నేను సిల్వియానండి, ఆ కాగితం నేను రాసింది కాదండి అని బతిమాలుతుందో కళ్లకి కట్టింది.

దానమ్మ ఇంకా చేతులు దించలేదు. జవాబు కోసం చూస్తోంది. యాభై ఏళ్లకి పైగా చూస్తూనే ఉందేమో.

"దానమ్మా," అంది సిల్వియా. అత్తగారిని పేరు పెట్టి పిలవడం జన్మలో అదే మొదలు. "పేరు కొట్టెయ్యలేదు. ఆ కాగితం చెల్లదు. నీ దగ్గరే ఉంచుకో, ఎవరడిగినా ఇవ్వకు."

"డ్యూటీకి రమ్మంటారా అండి?"

"రా."

దానమ్మ మొహం ఎలా అయిపోయిందంటే, సిల్వియా చూడలేక అటు తిరిగేసింది. మళ్లీ చూసేసరికి ఆవిడ కాగితాన్ని చిన్నగా, చాలా చిన్నగా మడిచి జాకెట్లో దాచుకుంటోంది. ఆపైన నేల మీదే చతికిలబడి, గోడకి తలానించి నిద్రపోయింది. సిల్వియా పక్కనే కూర్చుంది. అప్పుడొచ్చింది ఏడుపు. ఎవరి కోసమో తేల్చుకోలేదు.

ఆరున్నరకి ఎలీషా వచ్చాడు. వంటింట్లోకి తొంగిచూసి మాడిన గిన్నె చూశాడు. "ఇదేంటి? రేపు వేలానికి ఏం పెడతాం?"

"ఏమీ పెట్టం."

"అమ్మ పేరు జాబితాలో..."

"కొట్టేయించండి."

అతను ఆశ్చర్యపోయాడు గానీ గొంతు పెంచలేదు. అలిసిపోయిందనుకున్నాడు. "సర్లే, ఏదో చెప్తాను. కాగితం ఏది? పెట్టావా సంతకం?"

"మీ అమ్మగారి దగ్గరుంది. అడగండి."

దానమ్మ అప్పటికి లేచి హాల్లో కుర్చీలో కూర్చుని ఉంది. ఎలీషా ముందుకి వంగి, చిన్నపిల్లకి చెప్పినట్టు, "అమ్మా, ఆ కాగితం ఇలా ఇవ్వు," అన్నాడు. దానమ్మ అతని మొహంలోకి చూసింది. అతనికి తండ్రి పోలికే. జాకెట్ మీద రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. అతను నవ్వుతూ మెత్తగా ఆ చెయ్యి పట్టుకుని తీయబోయాడు. ఆవిడ ఒంట్లో ఎక్కడ దాగిందో అంత బలం, ఒక్క తోపుకి అతను రెండడుగులు వెనక్కి పడ్డాడు.

"ఏవండీ," అంది దానమ్మ కొడుకుతో. "మీకు దణ్ణం పెడతాను. ఈసారి మాత్రం నేను సంతకం పెట్టనండి."

ఎలీషా తల్లి వంక, భార్య వంక చూశాడు. అతనికి ఎంత అర్థమైందో సిల్వియాకి తెలియదు, కనుక్కోవాలని కూడా అనిపించలేదు. ఎప్పటి మెత్తటి గొంతుతోనే, "పాపం, ఏదో కలవరిస్తోంది. పర్లేదు, ఆఫీసులో ఇంకోటి తీయిస్తాను," అన్నాడు.

సోమవారం ఈ ఇంట్లో ఏం జరుగుతుందో, మంగళవారం ఏం జరుగుతుందో సిల్వియాకి తెలియదు. అత్తగారిని ఎవరు చూస్తారో, తనని ఎవరేమంటారో కూడా తెలియదు. అయినా అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఆఫీసుకి వెళ్లినప్పుడు మీ సెలవు కాగితం తీయించండి," అంది. "సోమవారం ఏడింటికి నేను బండెక్కుతాను. ఎనిమిదింటికి మీ అమ్మగారికి స్నానం."